చేత బిడ్డ లేని శివగామి

ఉపకథ యనునది మన వాఙ్మయమునకు క్రొత్తది కాదు. నలుని కథయు, సావిత్రి కథయు భారతమను మహావృక్షమునకు ప్రక్కకొమ్మలుగా పుట్టి, తుదకు మ్రానికంటె నెక్కువగా మన యిండ్లలో నీడనిచ్చినవి. అయినను ఒకరు కల్పించి ప్రసిద్ధికి దెచ్చిన కథనుండి యొక పాత్రను వేరుచేసి, ఆ పాత్రపేర సంపుటములు కట్టి వరుసగా ప్రకటించుట యిటీవలి వ్యాపారము. జపానుదేశమున నిది నిత్యకృత్యము. తెలుగునాట అరుదు. అట్టి యరుదగు యత్నములలో నొకటి, అందునను స్త్రీ కత్తిపట్టి నడుచునది, శివగామి సంపుటత్రయము. దానిని గూర్చి మా యభిప్రాయము తెలుపవలెనని చిరకాలముగా ననుకొనుచుంటిమి.

బాహుబలి చలనచిత్రములలో మొదటిది 2015 జూలై 10న, రెండవది 2017 ఏప్రిల్ 28న వెలువడెను. కథ విజయేంద్రప్రసాదుగారిది, దర్శకత్వము రాజమౌళిగారిది. శివగామి వేషము రమ్యకృష్ణగారు ధరించిరి. రెండవ చిత్రమునకు కొలది వారములు ముందుగా ఆనంద్ నీలకంఠన్‌గారు ఆంగ్లమున రచించిన 'ది రైజ్ ఆఫ్ శివగామి' అను మొదటి సంపుటము వచ్చెను. 'చతురంగ' 2020లోను, 'క్వీన్ ఆఫ్ మాహిష్మతి' 2021లోను వచ్చినవి. గ్రంథకర్త కేరళీయుడు, రావణుని నోట రామకథ చెప్పించిన 'అసుర' అను నవలచే 2012లో పేరు గడించినవాడు. తెలుగువారి వెండితెర రాణికి గ్రంథము కట్టుటకు తెలుగు నవలాకారుడొకడైనను దొరకలేదా యని మాకు మొదట కినుక కలిగినది. చదివిన పిమ్మట ఆ కినుక తగ్గినది గాని పోలేదు. ఏలయన, మూలము ఇంగ్లీషగుటచే పుస్తకము చదువుకొన్న పిల్లల చేతిలోనికి సూటిగా పోయినది. వంటయింటనున్న తల్లికిని, అరుగుమీదనున్న నాయనమ్మకును పిల్లలు చెప్పిన మేరకే దక్కినది.

అట్లు చెప్పుటను మేము కన్నులార చూచితిమి. అనకాపల్లి గవరపాలెమునందు మాకు తరతరములుగా తెలిసిన కుటుంబమొకటి కలదు. వారిది బెల్లపు వ్యాపారము. ఆ యింటి మనుమరాలు కళాశాలలో చదువుచున్నది. కొత్తమావాస్యకు నెలదినములు ముందుగా, అనగా నూకాలమ్మ జాతరకు ఊరు సిద్ధమగుచున్న దినములలో, ఆ పిల్ల మొదటి సంపుటమును దినమున కింత చదివి, సాయంకాలము నాయనమ్మకు తెలుగున చెప్పుచుండెను. కోడలు అన్నము వార్చుచు చెవి యొగ్గుచుండెను. మేమొకనాడు పోయి కూర్చుంటిమి. కథ మంచి పాకమున నున్నది. మంత్రి కుట్ర, బానిసల బాధ, రాకుమారుల కలహము, సముద్రపు దొంగ ఒకటివెంట నొకటి వచ్చుచున్నవి. అంతలో ముసలమ్మ మనుమరాలిని ఆపి, "ఒలే, ఆ శివగామి మళ్ళీ ఎప్పుడొస్తాదే? ఇందాకట్నించీ మగోళ్ళ కతే సెప్తన్నావు" అనెను. పిల్ల పుటలు త్రిప్పి చూచి నవ్వి, "తాతగారూ, నాయనమ్మ అడిగింది న్యాయమే. పేరు ఆవిడది, కథ ఊరందరిదీని" అని మా వైపు తిరిగెను.

మా విమర్శనమునకు మూలము ఆ ముసలమ్మ ప్రశ్నయే. తక్కినది ఆ ప్రశ్నకు మేము వెదకుకొన్న సమాధానము.

ముందుగా చిత్రములలోని శివగామిని తలచుకొనవలెను. మొదటి చిత్రము మొదలగునప్పుడే యామె గాయపడి, శత్రువులను దునుమాడి, నదీప్రవాహమున మునుగుచు పసివానిని నీటిపై కెత్తి పట్టుకొనియుండును. పిమ్మట మాహిష్మతి సింహాసనముపై ఇద్దరు శిశువులకు పాలిచ్చుచు రాజ్యభారము వహించుచున్నట్లు చూపుదురు. రెండవ చిత్రమున తన తప్పు తెలిసికొని, మనుమని రాజుగా ప్రకటించి, ఆ శిశువుతోనే పారిపోయి ప్రాణము విడుచును. ఇవి మహత్తరములైన దృశ్యములు, మేము కాదనము. అవి చూచి చప్పట్లు కొట్టినవారిలో మేమును ఉన్నాము. అయినను ఇంటికి వచ్చి యాలోచించినపుడు ఒక్క సంగతి తోచినది. ఆమెకు అధికారము వచ్చునప్పుడు బిడ్డ చేతనున్నాడు. ఆమె ఖడ్గమెత్తునప్పుడు బిడ్డ చేతనున్నాడు. ఆమె ప్రాణము పోవునప్పుడును బిడ్డ చేతనే యున్నాడు. బిడ్డ లేనిచో ఆ ఖడ్గమును మన ప్రేక్షకులు ఆమె చేత చూచి యోర్తురా? ఓర్వరేమో యను శంక చిత్రనిర్మాతలకే యుండినట్లు తోచును.

కనుక చిత్రకథకు పూర్వమందలి శివగామిని, పెండ్లి కాని, బిడ్డ లేని, సింహాసనము లేని శివగామిని చూపెదమని గ్రంథకర్త పూనినపుడు మాకు గొప్ప యాశ కలిగినది. ఈ స్త్రీ తనంతట తాను ఏమి కోరును? ఎవరికొరకు గాక తనకొరకే అయినచో ఆమె ధైర్యమెట్లుండును? పెద్దకథ యీ ప్రశ్నలను తలపెట్టలేదు. ఉపకథకు ఇంతకంటె మంచి యవకాశము దొరకదు.

గ్రంథకర్త తెలివిగలవాడు. ఆయన పన్నిన పన్నుగడ నిజముగా బలమైనది. చిత్రములలో ఏ రాజ్యమునకు శివగామి సర్వము ధారపోసినదో, గ్రంథములో ఆ రాజ్యమునే నాశనము చేయుదునని యామె శపథము పట్టినది. ఆమె తండ్రి దేవరాయలను ద్రోహిగా నిర్ణయించి మాహిష్మతి ప్రభువు చంపించెను. ఆమె యది పసితనమున చూచెను. తిమ్మ యను భూమిపతి ఆమెను పెంచెను. పాడుబడిన తండ్రి భవనమునుండి ఆమె యొక వ్రాతప్రతిని సంపాదించును. పిమ్మట రాజానాథశరణాలయమున చేరును. చిన్న రాకుమారుడు ఆమెను ప్రేమించును. చదువరికి మాత్రము ఆమె పెద్దవాడగు బిజ్జలునకే భార్య కాగలదని చిత్రము ముందే చెప్పివేసినది. ప్రేమించువాడొకడు, పెండ్లియాడబోవువాడొకడు, శపథము రాజ్యనాశనము, ప్రాప్తము రాజ్యరక్షణము. ఇంత చక్కని ముడి వేసిన గ్రంథకర్త దాని విప్పుటలో ఆమెనే కేంద్రముగా నిలిపియుండినచో, ఈ కాలపు జనప్రియగ్రంథములలో ఇదియొక ఉత్తమగ్రంథమై యుండెడిది.

కాని అట్లు జరుగలేదు. మొదటి సంపుటమున ప్రతి యధ్యాయమునకును ఎవరి వైపునుండి కథ నడుచునో వారి పేరే శీర్షిక. ఒకటి శివగామి పేర నడచిన పిమ్మట కట్టప్ప, పట్టరాయుడు, స్కందదాసు, ఇట్లు ఒకరి తరువాత నొకరు వచ్చి కథను తమ వైపునకు లాగుకొనిపోవుదురు. వీరిలో కొందరు మిక్కిలి చక్కగా చిత్రింపబడిరి. హీనకులమున పుట్టి నీతి విడువని అధికారియగు స్కందదాసు మా మనస్సునుండి తొలగిపోడు. బానిసత్వమే ధర్మమని నమ్ము కట్టప్పకును, స్వేచ్ఛ కోరు అతని తమ్మునికిని నడచు వివాదము సంఘసంస్కారము కోరువారందరు చదువదగినది. అయినను గుణము గుణమే, లోపము లోపమే. పేరుపెట్టి పిలిచిన స్త్రీని గుమ్మములో నిలిపి లోపల మగవారితో ముచ్చటలాడుట గృహస్థధర్మమును కాదు, గ్రంథధర్మమును కాదు. గ్రంథకర్తకు ఆమెపై గౌరవము లేక కాదు. ఆమె యొక్కతె యింత పెద్దకథను మోయగలదను నమ్మకము చాలలేదని మా యూహ.

ఆ వ్రాతప్రతిని గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. అది పైశాచీభాషలో నున్నది. శివగామి దానిని చదువలేదు. తండ్రి ద్రోహియా, నిర్దోషియా యను రహస్యము తన యొడిలోనే యున్నది. కాని యక్షరము రాదు. చదువగలవానిని వెదకుకొనుచు, చదివించుకొనుటకు వెఱచుచు తిరుగవలెను. చదువరులారా, మన దేశపు స్త్రీల చరిత్ర యంతయు ఈ యొక్క కల్పనలో ఇమిడియున్నదని మేమన్నచో అతిశయోక్తి యగునా? తన స్త్రీధనపు పత్రమును తాను చదువలేక, మరిది చేతనో గుమాస్తా చేతనో చదివించుకొని, వాడు చెప్పినదే నిజమని వ్రేలిముద్ర వేసిన తల్లులను మన ముత్తాతల కాలపువారెల్లరు ఎరుగుదురు. గవరపాలెపు ముసలమ్మయు ఈ ఘట్టము వచ్చినపుడు విసనకర్ర ఆపి వినెను. ఇంత ధనము చేజిక్కియు గ్రంథకర్త దానిని తాళపుచెవిగా మాత్రమే వాడుకొనెను. అది దొరకునా, పోవునా, ఎవరి చేత బడునా యను కుతూహలము పెంచుటకే అది పనికివచ్చినది. శివగామి తానే ఆ భాష నేర్చుకొనుటకు కూర్చుండి, ఒక్కొక్క యక్షరమును కూడబలుకుకొనుచు తండ్రి మాట వినుచున్నట్లు వ్రాసియుండినచో! కత్తి తిప్పు ఘట్టములకంటె అది గొప్ప వీరరసమై యుండెడిది.

మఱియొక చిక్కు కలదు. శివగామికి కత్తి యిచ్చిన కారణమేమి? తండ్రి పగ. చిత్రములలో బిడ్డకొరకు కత్తి పట్టిన స్త్రీ, గ్రంథములో తండ్రికొరకు పట్టినది. తల్లియను హక్కు పోయి కూతురను హక్కు వచ్చినది, అంతియే భేదము. పగ పట్టుట తప్పని మేమనము. కాని యామె కోరిక యెక్కడ? ఈ విషయమున చిత్రములును తక్కువ తినలేదు. మొదటి చిత్రమున అవంతిక యను యోధురాలు తన రాణిని విడిపించు పనిపై బయలుదేరినది; నాయకుడు ఆమెతో పెనుగులాడి, ఆమె వేషము మార్చి, సింగారించి చూపగా ఆమె ప్రేమలో పడును; అంతట ఆమె పని నాయకుని పనియైపోయినది. ఆ ఘట్టముపై 2015లోనే విమర్శకులు తీవ్రముగా నాక్షేపించిరి. వారి యాక్షేపణ సమంజసమని మా యభిప్రాయము.

గ్రంథమున మాకు సంపూర్ణతృప్తి నిచ్చినది ఒక్క స్త్రీ. ఆమె శివగామి కాదు. అచ్చి నాగమ్మ యను డెబ్బది యేండ్ల ముదుసలి. బానిసవ్యాపారముపై ఆమె యుద్ధము సాగించుచున్నది. అందము లేదు, వయస్సు లేదు, రాకుమారుల ప్రేమ లేదు. ఆమె వచ్చిన పుటలలో గ్రంథకర్త కలము తడబడదు. ఎందువలన? మాకు తోచిన కారణమిది: నాగమ్మ చిత్రములలో లేదు. ఆమె యంత్యమెట్లుండవలెనో ముందుగా నిర్ణయించినవారు లేరు. శివగామి అంతిమదృశ్యమును కోట్లమంది చూచిరి. గ్రంథకర్త ఆమెను ఎటు నడిపినను తుదకు ఆ సింహాసనమునకే చేర్చవలెను. నాగమ్మ గెలువవచ్చును, ఓడవచ్చును, రేపు యింటికి పోయి నిద్రింపవచ్చును. ఆ స్వేచ్ఛ ఆమె ప్రతి యడుగునందును కనబడుచున్నది.

అట్లయినచో పెద్దకథచే అంత్యము నిర్ణీతమైన ఉపకథానాయికకు గతి లేదా? కలదనుటకు నిదర్శనము జపానునుండి తెత్తుము. ఈ నిదర్శనము మాకు చూపినదియు ఆ మనుమరాలే. బొమ్మలకథలు పెద్దలు చదువదగినవి కావని మేము మొదట ముఖము చిట్లించితిమి. "తాతగారూ, పది పుటలు చూసి చెప్పండి" అని యామె పట్టుబట్టినది. పది గాదు, సంపుటములు చూచితిమి.

మాంగా యనగా జపానువారి బొమ్మలకథ. పత్రికలలో అధ్యాయములుగా వచ్చి పిదప సంపుటములుగా కూర్పబడును. కమాచి కజుమా యను రచయిత 2004లో మొదలుపెట్టిన నవలామాల యొకటి కలదు. దానిలో కామిజో తోమా యను బాలుడు నాయకుడు. ఆ నవలలో ప్రక్కపాత్రయగు మిసాకా మికోటొ యను పదునాలుగేండ్ల బాలికను నాయికగా జేసి, 2007లో వేరొక మాంగా మొదలైనది. బొమ్మలు ఫుయుకావ మొటొయి అను చిత్రకారునివి. 'రైల్‌గన్' అని దానికి వ్యవహారనామము. రైల్‌గన్ అనగా విద్యుదయస్కాంతబలముచే గుండును విసరు ఫిరంగి. ఈ బాలిక విద్యుచ్ఛక్తిని వశపరచుకొని, చిల్లరనాణెమును బొటనవ్రేలితో నెగురగొట్టి ఫిరంగిగుండువలె పంపగలదు; కనుక ఆ పేరు. ఆమె యుండు నగరమున ఇరువదిమూడు లక్షల జనము. వారిలో అధికసంఖ్యాకులు విద్యార్థులే. వారికి శక్తులు నేర్పి తరగతులుగా విభజింతురు. అత్యున్నతశ్రేణికి చేరినవారు ఏడుగురు. వారిలో నీమె మూడవది.

ఇందలి ప్రధానఘట్టము నిజముగా హృదయవిదారకము. మికోటొ పసితనమున, కండరములు క్షీణించు వ్యాధిగలవారికి మేలగునని పెద్దలు చెప్పగా నమ్మి, తన శరీరనిర్మాణపు బీజలిపి నిచ్చినది. ఆ దానమునుండి పరిశోధకులు ఆమెను పోలిన ఇరువది వేలమంది బాలికలను సృజించి, అగ్రగణ్యుడగు నొక బాలుని శక్తిని ఇంకను పెంచుటకై, వానిచే ఒక్కొక్కతెను చంపింప మొదలుపెట్టిరి. తన దయయే ఇంత హత్యాకాండకు కారణమైనదని తెలిసిన పిల్ల ఏమి చేయును? పరిశోధనశాలల నొక్కొక్కటిగా రాత్రులయందు ధ్వంసము చేయును. ఒకటి మూతబడగా పని మఱియొక చోటికి పోవును. మఱల పోవును, మఱల పోరాడును, నిద్ర లేక వాడిపోవును.

ఇక్కడను అంత్యము నిర్ణీతమే. నవలామాలయందు ఆ బాలుని ఓడించినవాడు తోమా. ఉపకథ దానిని మార్చలేదు. మికోటొ ఎంత పోరాడినను ఆ గెలుపు ఆమెది కాజాలదు. మన శివగామికున్న సంకెలయే ఆమెకును ఉన్నది. కాని చిత్రకారుడు ఆ సంకెలను చూచి వెనుదీయలేదు. పెద్దకథ క్లుప్తముగా దాటిపోయిన ఆ రాత్రులను తీసికొని సంపుటములుగా విప్పెను. ఒక్కతెయే గోడ దూకుట, గాయమును దాచుకొని తెల్లవారి స్నేహితురాండ్ర నడుమ నవ్వుట, ఒకే గదిలో నుండు కురోకో యను నేస్తము సర్వము గ్రహించియు అడుగక కనిపెట్టుకొనియుండుట, ఇవన్నియు పెద్దకథకు దక్కనివి. తుదిగెలుపు నాయకునిది, అంతకు ముందరి రాత్రులన్నియు ఆమెవి. చదివి ముగించునప్పటికి తోమా వచ్చుట మనకు సంతోషమే గాని, ఆ కథ ఎవరిదని యెవరడిగినను ఆమె పేరే చెప్పుదుము. శివగామి గ్రంథమునకు కొరవడినది ఈ పట్టుదలయే. ఇందును దోషములు లేవని కాదు. సహవాసినులు ఒకరితో నొకరు చేయు చిల్లరహాస్యములు కొన్ని మోటుగా నున్నవి. వానిని తీసివైచినను కథకు నష్టము లేదు.

ఇంత దూరము పోయి తెచ్చిన నిదర్శనము మన యింటనే యున్నదని పిమ్మట స్ఫురించినది. సంస్కృతభాగవతమున నరకాసురునిపై యుద్ధమునకు కృష్ణుడు భార్యతో గరుడునెక్కి పోయెనని యున్నది; ఆమె విల్లు పట్టినట్లు లేదు. తెలుగున నాచన సోమన ఉత్తరహరివంశమునను, పిమ్మట పోతన భాగవతమునను సత్యభామ చేత విల్లు పెట్టిరి. అంత్యము వారికిని నిర్ణీతమే: చక్రము కృష్ణునిది, నరకుని శిరస్సును అది ఖండింపక తప్పదు. పోతన దానిని మార్చలేదు. కాని చక్రమునకు ముందరి సమయమంతయు సత్యభామ కిచ్చెను. ఇందు మమ్మాకర్షించునది ఆమె కారణము. తండ్రిపగ కాదు, బిడ్డరక్షణ కాదు. యుద్ధము చూడవలెనని ఆమెకు వేడుక పుట్టినది. అది ఉద్యానవనవిహారము గాదని భర్త వారించెను. ఆమె వినలేదు, పోయినది, శత్రువులు ఎదురుపడగా జడ ముడిచి, కోక బిగించి, భర్తకు ముందు నిలిచి విల్లందుకొన్నది. తాను కోరినది గనుక పోరాడినది! అయిదువందల యేండ్లకు పూర్వపు తెలుగుకవి యొక స్త్రీకి ఇచ్చిన ఈ కారణమును నేటి సినిమా పుస్తకము ఇయ్యజాలకపోయెను. విల్లు సంధించునపుడును ఒక కంట వీరమును ఒక కంట శృంగారమును చూపవలెనని మన కవులకు గల చాపల్యము మాకు తెలియనిది గాదు. ఆ మేరకు మా యభినందనమును తగ్గించుకొందుము.

ప్రమీల సంగతి వేరు. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుని జైమినిభారతమున స్త్రీరాజ్యమేలు ఆమె ధర్మరాజు యాగాశ్వమును కట్టివేసినది. అంత ధైర్యశాలి కథ పెండ్లితో తెల్లవారినది. 1965లో ప్రమీలార్జునీయ మను చిత్రము తీసినవారికిని ఆ పెండ్లియే ముఖ్యమైనది. దానిపై ఎక్కువ చెప్పనక్కరలేదు.

ఈ మాటలన్నియు గవరపాలెపు అరుగుపై ప్రస్తావించినపుడు ముసలమ్మ యొప్పుకొనలేదు. "సక్రమేటి? నరకుణ్ణి సంపింది సత్తెభామే గదా. దీపాలి ఎందుకు సేస్తన్నారు మరి?" అని గట్టిగా అడిగెను. పోతన అట్లు వ్రాయలేదని మేము చెప్పినను ఆమె కదలలేదు. ఆలోచింపగా ఆమె ఒంటరి కాదు. మన యిండ్లలో దీపావళినాడు పిల్లలకు చెప్పు కథలో నరకుని చంపునది సత్యభామయే. కవులు అంత్యమునకు జంకిరి, గృహిణులు జంకలేదు. మ్రానుచెప్పినదానికి కొమ్మ తలయొగ్గవలెనను నియమము వారికి పట్టలేదు. ఇది మాకు మహానందము కలిగించినది. కాని ఆ కథకు వారు చెప్పు కారణము వినుడు: నరకుడు భూదేవి కుమారుడట, తల్లి చేత తప్ప చావడట, సత్యభామ భూదేవి యంశమట. విల్లు ఆమెది, గెలుపు ఆమెది. తుదకు ఆమెయు తల్లి యైనగాని ఆ గెలుపు చెల్లలేదు. మఱల శివగామి చేతిలోని బిడ్డయే వచ్చి నిలిచినాడు. అయినను ఇక్కడ బిడ్డ పెరిగి దుర్మార్గుడైనాడు, తల్లి వానిని శిక్షించినది. భల్లాలుని తల్లికి చిత్రములలో దక్కని భాగ్యమిది. అంత దిట్టతనము మన నాయనమ్మల నోటికథలో నున్నదని గ్రంథకర్తలకు ఎవరు చెప్పుదురు?

శివగామి గ్రంథమును తెరపై చూపెదమని నెట్‌ఫ్లిక్సువారు 2018లో ప్రకటించిరి. ఆ చిత్రమాల ప్రేక్షకుల యెదుటికి రాలేదు. వ్యయమెంత, కారణమేమి యను చర్చ మాకు పనిలేదు. ఎప్పుడైనను ఎవరైనను మఱల పూనుకొందురేని, శివగామి పేరు పెట్టినందుకు శివగామినే చూపుడని మా విన్నపము. తెలుగు నవలాకారులతోను ఒక మాట. బాలనాగమ్మయో, ప్రమీలయో, మీకు నచ్చిన యే ప్రక్కపాత్రయో తీసికొని, ఆమె కోరికను ఆమె చేతనే చెప్పించి, అవ్వలకు వినవచ్చు తెలుగున వ్రాయుడు. తర్జుమా చేయుటకు ఇంటింట నొక మనుమరాలు దొరకదు.

గ్రంథమును మా పఠితల యిండ్లలో ఉంచుకొనవచ్చునా యని కొందరు అడుగుదురు. ఉంచుకొనవచ్చును. కొన్ని ఘట్టములు క్రూరములు గనుక పదునైదేండ్లు దాటిన పిల్లలకు తగును. కథ వడిగా నడుచును; రాజ్యమను యంత్రము ఎవరి నెత్తుటితో తిరుగుచున్నదో చూపును; కొనిన సొమ్ము వృథా కాదు. పిల్లలు ఒంటిగా చదువుకొనుటకంటె, పదిమంది వినగా చదువుట మేలు. అప్పుడుగాని గవరపాలెపు ముసలమ్మ యడిగినట్టి ప్రశ్నలు పుట్టవు.

జాతర ముగిసిన నాలుగవనాడు మేము మఱల అటు పోయితిమి. మొదటి సంపుటము ముగిసినది. శివగామి యేమైనదని ముసలమ్మ అడుగదు. సినిమాలో చూచితినిగదా యనును. ఆమె మనుమరాలిని పట్టుకొని, "ఆ ముసల్ది, నాగమ్మ, దాని గతేటయ్యిందో సెప్పవేటే" అని అడుగుచుండెను. పిల్లకు తెలియదు, రెండవ సంపుటము ఇంకను కొనలేదు. అది మా యొద్ద నుండెను. మఱునాటి యుదయమే పంపించితిమి.